దేనితో పోల్చి చూశారు?

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలై పన్నెండేళ్లు. ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిపోయిందమ్మా" అని డాక్టరు చెప్పిన నాటి నుంచి మా ఇంటికి తైలం సీసాలు వస్తూనే ఉన్నాయి. నొప్పి బాగా ముదిరి, మెట్లు దిగలేక, పూజ దగ్గర కింద కూర్చోలేక అల్లాడుతున్నప్పుడు ఎవరో ఒక పేరు చెబుతారు. మర్నాటికి కొత్త సీసా వస్తుంది. వారం పది రోజులు వేడి చేసి రాసుకునేసరికి నొప్పి నెమ్మదిస్తుంది. "ఈసారి తైలం గుణమిచ్చిందిరా" అంటుంది. రెండు నెలలకు నొప్పి మళ్లీ తిరగబెడుతుంది. "పాతబడింది కదా, పని చెయ్యడం లేదు" అని ఇంకో సీసా తెప్పించుకుంటుంది.

రెండేళ్ల కిందట సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు ఆమెకు ఒక పని అప్పజెప్పాను. వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడే క్యాలెండర్‌లో పాల లెక్క రాసుకుంటుంది కదా, ఆ గడిలోనే రోజూ రాత్రి పడుకునే ముందు నొప్పికి కూడా సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయమన్నాను. కొత్త తైలం మొదలుపెట్టిన రోజున ‘తై’ అని రాయమన్నాను. శ్రావణమాసంలో మళ్లీ వెళ్లినప్పుడు ఏడు నెలల కాగితాలు చింపి మంచం మీద వరసగా పరిచి ఇద్దరం చూశాం.

‘తై’ అని ఉన్న ప్రతి గడిలోనూ ఎనిమిదో తొమ్మిదో ఉంది. దాని తరవాతి గడుల్లో ఏడు, ఆరు, అయిదు, నాలుగు. అమ్మ ముఖం వెలిగింది. "చూశావా?" అంది. అప్పుడు మే నెల కాగితం చూపించాను. మా మేనమామ కూతురి పెళ్లి పనుల్లో తిరిగి తిరిగి ఆ నెల రెండో వారంలో తొమ్మిది వేసుకుంది. పెళ్లి హడావిడిలో కొత్త సీసా తెప్పించుకునే తీరిక లేదు, పాతది ఎక్కడుందో కూడా తెలియదు. తొమ్మిది, ఎనిమిది, ఆరు, అయిదు. పదో రోజుకు నాలుగు. తైలం లేకుండానే మెట్టు మెట్టుగా దిగింది. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "మరి ఇన్నాళ్లూ?" అని మాత్రం అడిగింది.

ఇన్నాళ్లూ జరిగింది ఇదే. కీళ్ల నొప్పి ఒక్క తీరుగా ఉండదు, అలల్లా లేచి పడుతుంది. మనం మందు కోసం పరిగెత్తేది అల నెత్తిన ఉన్నప్పుడు. నెత్తిన ఉన్న అల ఎలాగూ దిగాలి. దిగిన పుణ్యం అప్పుడు చేతిలో ఉన్న సీసాకు దక్కుతుంది. గణాంక శాస్త్రంలో దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు. మన భాషలో అంతకంటే పాత మాట ఉంది, కాకతాళీయం. కాకి వాలడమూ నిజమే, తాటిపండు రాలడమూ నిజమే. కాకి వల్ల రాలిందా అన్నదే తేలాల్సిన సంగతి.

"తైలం రాసుకుంటే తగ్గింది" అని అమ్మ చెప్పింది అబద్ధం కాదు. కానీ అది సగం మాట. రాసుకోకపోతే ఏమయ్యేది అన్నది మిగతా సగం. వాట్సాప్‌లో వచ్చే చిట్కా నుంచి పెద్ద పెద్ద వైద్య పత్రికల్లో అచ్చయ్యే అధ్యయనం దాకా దేన్ని చదివినా ఆ మిగతా సగాన్ని అడిగి రాబట్టుకోవడం ఈ అధ్యాయంలో మీకు అలవాటు చేయాలని నా కోరిక. ప్రశ్న ఒక్కటే, దేనితో పోల్చి చూశారు?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతకడమంటే ఏమిటో తెలియాలంటే 1956 నాటి మద్రాసుకు వెళ్లాలి.

అప్పట్లో క్షయ వచ్చిందంటే శానటోరియం అనేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు వినని తెలుగు కుటుంబం ఉండేది కాదు. కొండగాలి, పాలూ గుడ్లూ, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, ఇవే వైద్యానికి ప్రాణమని డాక్టర్లూ నమ్మారు, రోగులూ నమ్మారు. కానీ దేశంలో రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. మంచం దొరకనివాడి గతేమిటి? అప్పటికి మందులు వచ్చాయి. ఆ మందులను ఇరుకు గదిలో, అరకొర తిండితో ఇంటి దగ్గరే ఉండి మింగితే నయమవుతుందా? ఇంట్లో పిల్లలకు అంటుకోదా?

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి చెట్‌పట్‌లో ఒక కేంద్రం పెట్టాయి. ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉన్నది అదే. మద్రాసు నగరంలోని పేద రోగులు 193 మందిని తీసుకుని, ఎవరు ఇంట్లో ఉండాలో ఎవరు శానటోరియానికి వెళ్లాలో చీటీ వేసినట్టుగా తేల్చారు. ఇద్దరికీ అవే మందులు, ఐసోనియాజిడ్, పాస్. ఇద్దరికీ ఏడాది వైద్యం.

ఎందుకు చీటీ? ఈ ఒక్క సంగతి అర్థమైతే వైద్య పరిశోధన సగం అర్థమైనట్టే. డాక్టర్ల ఇష్టానికి వదిలేసి ఉంటే, పాపం ఎక్కువ జబ్బుగా ఉన్నవాళ్లకే మంచం ఇచ్చేవారు. అప్పుడు శానటోరియంలో ఎక్కువమంది పోయేవారు, ఇల్లే మేలని తేలేది. రోగుల ఇష్టానికి వదిలేసి ఉంటే, కాస్త కలిగినవాళ్లు, ఇంట్లో సంపాదించే మనిషి ఇంకొకరు ఉన్నవాళ్లు శానటోరియానికి వెళ్లేవారు. అప్పుడు శానటోరియమే మేలని తేలేది. రెండు లెక్కలూ తప్పే. చీటీకి జాలి లేదు, పక్షపాతం లేదు. బలహీనులు, బలవంతులు, తాగేవాళ్లు, తాగనివాళ్లు, మనకు తెలిసిన తేడాలు, మనకు తోచనైనా తోచని తేడాలు అన్నీ రెండు గుంపుల్లోకీ ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి. చివరికి మిగిలే పెద్ద తేడా ఒక్కటే, వైద్యం జరిగిన చోటు.

1959లో ఫలితం వచ్చింది. ఏడాది చివర జబ్బు అణిగినవాళ్లు శానటోరియంలో నూటికి 92 మంది, ఇంటి దగ్గర 86 మంది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు తక్కువ తిన్నారు, ఎక్కువ కష్టపడ్డారు, ఇరుకు ఇళ్లలో పడుకున్నారు. అయినా తేడా అంతే. ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. మందులు మొదలైతే అంటించే శక్తి తగ్గిపోతుందని తెలిసింది. ఆ తరవాత ప్రపంచంలో క్షయ వైద్యం నడిచే దారే మారిపోయింది. ఈ రోజు మీ ఊరి ఆశా కార్యకర్త క్షయ రోగి ఇంటికే వచ్చి మాత్రలు వేసుకున్నావా అని అడుగుతోందంటే ఆ దారికి మొదలు మద్రాసులో ఉంది. కొండగాలి గురించి వందలమంది అనుభవజ్ఞులు చెప్పిన మాట కంటే 193 మందిని సరిగ్గా విడదీసి చూసిన చూపు బరువైనదిగా నిలిచింది.

చీటీ పద్ధతి మద్రాసు పరీక్ష మొదలవడానికి ఎనిమిదేళ్ల ముందే బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందుతో గట్టిగా నిలదొక్కుకుంది. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త, ఏ రోగి ఏ గుంపులోకో రాసిన కాగితాలను ముందే అంటించిన కవర్లలో పెట్టించాడు. రోగిని చేర్చుకున్నాకే కవరు చించాలి. మందు అందరికీ సరిపడా లేదు కాబట్టి కొందరికి ఇవ్వకపోవడం అన్యాయమూ కాలేదు. ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో నలుగురు చనిపోయారు, విశ్రాంతి మాత్రమే ఉన్న 52 మందిలో 14 మంది. అంత స్పష్టమైన తేడా కూడా అయిదేళ్లు గడిచేసరికి చాలా వరకు కరిగిపోయింది. ఒంటరి మందుకు క్రిములు లొంగకుండా తయారయ్యాయి. అందుకే దేనితో పోల్చారు అని అడిగిన నోటితోనే ఎన్నాళ్లు చూశారు అని కూడా అడగాలి. ఆరు వారాలు చూసి జీవితాంతం వాడమంటే ఒక్క క్షణం ఆగండి.

ఇక్కడి నుంచి మన పర్సులోని ల్యాబ్ రిపోర్టు దగ్గరికి వద్దాం.

రిపోర్టులో అంకె మారడం వేరు, మనిషి బాగుపడడం వేరు. ఈ తేడా ఎన్ని ప్రాణాలు తీయగలదో 1980ల అమెరికా చూసింది. గుండెపోటు వచ్చి బతికినవాళ్లలో కొందరికి గుండె మధ్య మధ్యలో అదనంగా కొట్టుకుంటుంది. అలా కొట్టుకునేవాళ్లు తొందరగా చనిపోతున్నారని డాక్టర్లు గమనించారు. ఆ అదనపు దెబ్బలను అణిచే మందులు ఉన్నాయి. ఈసీజీ చూస్తే దెబ్బలు పోయాయని కళ్లకు కడుతోంది. ఇంకేం కావాలి? మందు రాశారు. చాలామందికి రాశారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ మందులు నిజంగా ప్రాణం నిలుపుతున్నాయా అని చీటీ వేసి, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసే పరీక్ష ఆ తరవాత మొదలైంది. సగటున పది నెలలు గడిచేసరికి మందు తీసుకున్న 755 మందిలో 63 మంది పోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. 1989లో ఆ పరీక్షను మధ్యలో ఆపేశారు.

దీన్ని చదివిన ప్రతిసారీ నన్ను కలచివేసేది ఒకటుంది. ఆ డాక్టర్లలో దుర్మార్గులెవరూ లేరు. రోగి మేలు కోరే రాశారు. మందు ‘పనిచేయడం’ కళ్లారా చూశారు. ఈసీజీ కాగితం అబద్ధం చెప్పలేదు. తప్పు జరిగింది ఒక్క చోటే, కాగితం బాగుపడితే మనిషి బాగుపడినట్టే అనుకోవడంలో.

ఇది చదివి బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మానేస్తారేమోనని నాకు భయం. దయచేసి మానొద్దు. బీపీ మందుల విషయంలో అంకె తగ్గడమే కాక, పక్షవాతం, గుండెపోటు తగ్గుతాయని పెద్ద పెద్ద పరీక్షల్లో తేలింది. మీరు చేయాల్సింది మందు మానడం కాదు, అడగడం. "డాక్టరుగారూ, ఈ మాత్ర రిపోర్టులో అంకె తగ్గిస్తుందా, గుండెపోటు రాకుండా కూడా చేస్తుందని తేలిందా?" అని మర్యాదగా అడిగితే మంచి డాక్టరు విసుక్కోరు. చాలామంది సంతోషిస్తారు కూడా. ముఖ్యంగా టీవీ ప్రకటనల్లో వచ్చే పొడులు, గుళికల విషయంలో ఈ ప్రశ్న చాలా పదునుగా పనిచేస్తుంది.

మళ్లీ మా అమ్మ మోకాళ్ల దగ్గరికి వస్తాను. ఒక ఆస్పత్రిలో ఆమెకు చిన్న రంధ్రం చేసి, గొట్టం పెట్టి మోకాలి లోపల కడిగి శుభ్రం చేసే ఆపరేషన్ చెప్పారు. మోకాలి మార్పిడి కాదు, అది వేరు. ఈ కడగడం మీద 2002లో అమెరికాలోని హూస్టన్‌లో మాజీ సైనికుల ఆస్పత్రి నుంచి ఒక అధ్యయనం వచ్చింది. గుజ్జు అరిగి నొప్పితో ఉన్న 180 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు లోపల గీకి శుభ్రం చేశారు. ఒక గుంపుకు కడిగారు. మూడో గుంపుకు ఏమీ చేయలేదు. అంటే, చేసినట్టు చేశారు. మత్తు ఇచ్చి, చర్మం మీద కోతలు పెట్టి, సర్జన్ పనిముట్లన్నీ పేరు పేరునా అడిగి తీసుకుని, మోకాలిని అటూ ఇటూ వంచి, నీళ్ల చప్పుడు కూడా వినిపించి కుట్లు వేశారు. తనకు ఏది జరిగిందో రోగికి తెలియదు. రెండేళ్ల పాటు నొప్పి ఎంత, ఎంత నడవగలుగుతున్నారు అని అడుగుతూ వచ్చారు. మూడు గుంపులకూ తేడా లేదు. కోత మాత్రమే పెట్టించుకున్నవాళ్లు కూడా బాగుందనే చెప్పారు.

మనం హస్తవాసి అంటాం. ఫలానా డాక్టరు చెయ్యి పడితే చాలు అంటాం. ఆ మాటను నేను తీసిపారేయను. నమ్మకం, ఓదార్పు, శ్రద్ధగా చూసే మనిషి, ఇవి నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి. అందుకే మందు సొంత బలం ఎంతో తెలియాలంటే రెండు గుంపులకూ హస్తవాసిని సమానంగా పంచాలి. ఉత్తుత్తి మాత్ర ఇచ్చేది రోగిని మోసం చేయడానికి కాదు, చేరేటప్పుడే ఆ సంగతి చెప్పి ఒప్పుకోలు తీసుకుంటారు. ఎవరికి ఏది వచ్చిందో రోగికే కాదు, నొప్పి కొలిచే డాక్టరుకు కూడా తెలియకపోతే ఇంకా మంచిది. తన మందు బాగా పనిచేయాలని కోరుకునే మనిషి కళ్లకు ఆరు అయిదులా కనిపిస్తుంది.

హూస్టన్ అధ్యయనంలో దాదాపు అందరూ మగవాళ్లు. మా అమ్మ అరవై ఎనిమిదేళ్ల తెనాలి గృహిణి. అక్కడ తేలింది ఆమెకు వర్తిస్తుందా? ఇది అడగాల్సిన ప్రశ్నే. కెనడాలో ఆడవాళ్లు కూడా ఉన్న అధ్యయనం 2008లో వచ్చింది. వ్యాయామం, మందులకు తోడుగా ఆ ఆపరేషన్ కూడా చేస్తే అదనంగా ఒరిగిందేమీ లేదని అందులోనూ తేలింది. అప్పుడే నాకు కాస్త ధైర్యం వచ్చింది. అమ్మకు ఆపరేషన్ చేయించలేదు. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పితే రోజూ చేస్తోంది, సగం రోజులు గొణుక్కుంటూ.

ఒక చోట తేలింది ఇంకో చోట చెల్లకపోవచ్చు అనడానికి మన పొరుగునే పెద్ద ఉదాహరణ ఉంది. బీసీజీ టీకా బ్రిటన్ కుర్రవాళ్లలో క్షయను బాగా ఆపింది. అదే టీకాను చిత్తూరు జిల్లా సరిహద్దుకు అవతల, నాటి చెంగల్పట్టు జిల్లాలో 1968 నుంచి సుమారు 2 లక్షల 60 వేల మందితో పరీక్షించారు. పదిహేనేళ్లు వెంటబడి చూశారు. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయ విషయంలో రక్షణ కనిపించలేదు. మన మట్టిలో, నీళ్లలో ఉండే క్షయ జాతి క్రిములతో ఒంటికి ముందే పరిచయం ఉండడం ఒక కారణం కావచ్చని శాస్త్రవేత్తలు అన్నారు. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ లాంటి ప్రమాదకరమైన రకాలను ఆపుతుంది కాబట్టి పుట్టిన బిడ్డకు ఆ టీకా వేస్తూనే ఉన్నారు, వేయించాలి కూడా. అధ్యయనం ఎంత గొప్పదైనా, ఎవరి మీద చేశారో చూసి మీ ఇంటి మనిషిని వాళ్ల పక్కన నిలబెట్టి చూడండి. వయసు, జబ్బు తీవ్రత, తిండి, ఇతర మందులు ఎంత దగ్గరగా ఉంటే ఆ ఫలితం మీకు అంత చుట్టం.

ఇక శాతాల సంగతి. పేపర్లో ‘26 శాతం పెరిగిన ముప్పు’ అని చదవగానే గుండె జారుతుంది. 2002లో అమెరికాలో 16,608 మంది ఆడవాళ్ల మీద జరిగిన హార్మోన్ల అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ గురించి వచ్చిన అంకె అదే. బహిష్టులు ఆగిన తరవాత హార్మోన్ మాత్రలు వాడేవాళ్లకు గుండెజబ్బు తక్కువని అంతకు ముందు వచ్చిన అధ్యయనాలు చెప్పాయి. కానీ అవి చీటీ వేయనివి. మాత్రలు వాడినవాళ్లు ముందు నుంచీ చదువు, డబ్బు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. చీటీ వేసి చూస్తే గుండెజబ్బు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. అది పెద్ద పాఠం. కానీ 26 శాతం అన్న మాటను విప్పి చూడండి. ఏడాదికి పదివేల మందిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, హార్మోన్లు వాడినవాళ్లలో 38 మందికి వచ్చింది. పదివేల మందిలో ఎనిమిది మంది ఎక్కువ. ఈ ఎనిమిది చిన్నదని నేననను. ఆ ఎనిమిది మందిలో ఒకరు మన అక్క కావచ్చు. అయితే పదివేల మందిలో ఎనిమిది అంటే ఆలోచించుకుని నిర్ణయం తీసుకోగలం, ఉత్త 26 శాతం అంటే భయపడడం తప్ప ఏమీ చేయలేం. మందు అమ్మేవాళ్లు కూడా ఇదే చేస్తారు. ‘ముప్పు సగానికి తగ్గుతుంది’ అంటారు. ఎంతలో సగం? వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చేది ఒక్కరికి వస్తే అదీ సగమే, నాలుగు వందల మందికి వచ్చేది రెండు వందల మందికి వస్తే అదీ సగమే. శాతం కనిపిస్తే కాగితం తీసుకుని వెయ్యి మందిగా మార్చి రాయండి. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ముందు నేర్పింది ఇదే.

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ రెండో అల. ఆక్సిజన్ కోసం, మంచం కోసం జనం ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆయుర్వేద మందు ఇస్తున్నారని తెలిసి వేలమంది బారులు తీరారు. ఆ వరసలో నిలబడ్డవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. నా ఇంట్లో మనిషికి ఊపిరి ఆడకపోతే నేనూ నిలబడేవాణ్నేమో. కానీ ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన వీడియోలను ఒకసారి గుర్తు చేసుకోండి. మందు తీసుకుని కోలుకున్నవాళ్లు మాట్లాడారు. తీసుకుని కోలుకోనివాళ్లు వీడియో తీయలేరు. తీసుకోకుండా కోలుకున్నవాళ్లకు చెప్పాల్సిన కథే లేదు. కోవిడ్ సోకినవాళ్లలో చాలా ఎక్కువమంది ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకుంటారు కాబట్టి, ఆ పోలిక లేనిదే మందు పనిచేసిందనీ చెప్పలేం, పనిచేయలేదనీ చెప్పలేం. ‘జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు’ అని మన పెద్దలు అనే మాటలో ఉన్నది ఈ తర్కమే.

చీటీ వేయనిదే ఏదీ నమ్మకూడదా అని కొందరు అడుగుతారు. అలా పట్టుకుంటే అదీ మూఢత్వమే అవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 1948లో రాసిన వ్యాసంలో పది మందికి జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గిందని చెప్పాడు. పోలిక గుంపు లేదు. అయినా ప్రపంచం నమ్మింది, నమ్మడం సబబే. ఎందుకంటే ఆ జబ్బు దానంతట అది అలా వెనక్కు తగ్గడం అంతకు ముందు ఎవరూ చూడనట్టే. పిల్లలు నెలల్లో పోయేవారు. అక్కడ పోలిక లేకపోలేదు, అంతకు ముందు పోయిన పిల్లలందరూ పోలికే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లతో కలరా రోగులను బతికించినప్పుడూ అంతే. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట నలుగురి లోపుకు వచ్చింది. తేడా కొండంత ఉన్నప్పుడు కంటికి ఆనుతుంది. మోకాలి నొప్పి, జలుబు, నిద్రలేమి, అలసట లాంటి వాటిలో తేడా ఉంటే గింటే గోరంత, జబ్బేమో అలల్లా ఆడుతుంది. చీటీ తప్పనిసరయ్యేది అక్కడే.

ఇంత తెలుసుకున్నాక మీరు రేపటి నుంచి చేయగలిగింది చెబుతాను. ఆరోగ్యం గురించి వార్త చదివినప్పుడు ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి. అధ్యయనం ఎవరి మీద జరిగిందో చెప్పే మాట కింద గీత గీయండి. చాలాసార్లు ఆ మాట వార్త చివర్లో, ‘ఎలుకల్లో’ అని ఉంటుంది. ఎలుకల్లో అని ఉంటే కత్తిరించి దాచుకోండి కానీ వంటలో ఏమీ మార్చకండి. మనుషుల మీద అయితే ఎంతమంది, దేనితో పోల్చారు, చీటీ వేశారా, ఎన్నాళ్లు చూశారు, మనిషిలో మార్పు కొలిచారా రక్తంలో మార్పు కొలిచారా అని వెతకండి. జవాబు దొరకని ప్రశ్న దగ్గర ఖాళీ గడి గీయండి. ఖాళీలు ఎక్కువైతే డబ్బు ఖర్చు పెట్టకండి. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

మన దేశంలో జరిగే మందుల పరీక్షలను నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి మందుల పరీక్షలను ముందుగా అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ముందే రాయించడం దేనికంటే, బాణం వేశాక దాని చుట్టూ గుండ్రం గీసి గురి కుదిరిందనకుండా. నొప్పి తగ్గడం కొలుస్తామని మొదలుపెట్టి, అది తగ్గకపోతే నిద్ర బాగా పట్టిందని రాసుకునే వీలు లేకుండా. ఇరవై సంగతులు కొలిస్తే అందులో ఒకటి ఉత్త అదృష్టం మీద బాగా కనిపించడం వింత కాదు.

ఏదో ఒక రోజు ఏదైనా ఆస్పత్రిలో మిమ్మల్నే పరీక్షలో చేరమని అడగవచ్చు. భయపడి పారిపోకండి, మొహమాటపడి సంతకం పెట్టకండి. వివరాల పత్రం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. నాకు మందు రాకుండా ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఉందా, అప్పుడు నాకు మామూలుగా జరిగే వైద్యం ఆగుతుందా, ఏదైనా వికటిస్తే ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే నా వైద్యానికి ఇబ్బంది ఉంటుందా అని అడగండి. మానేసే హక్కు మీకు చట్టప్రకారం ఉంది. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఆ పత్రంలోనే ఉండాలి. మద్రాసులో ఆ 193 మంది పేదవాళ్లు ఒప్పుకుని ఏడాది పాటు మాత్రలు మింగి, కఫం పరీక్షకు ఇచ్చి ఉండకపోతే మనకు ఆ జ్ఞానం ఉండేది కాదు. వాళ్ల పేర్లు మనకు తెలియవు.

మా అమ్మ ఇప్పుడు సొంతంగా ఒక పరీక్ష నడుపుతోంది. ఆలోచన నాది, పట్టుదల ఆమెది. ఖాళీ హార్లిక్స్ సీసాలో పన్నెండు చీటీలు మడిచి వేసింది. ఆరింటి మీద ‘తైలం’ అని, ఆరింటి మీద ‘నువ్వుల నూనె’ అని. ప్రతి ఆదివారం పక్కింటి పాప వచ్చి ఒక చీటీ తీస్తుంది. ఆ వారమంతా అదే రాసుకోవాలి, అదే వేడి, అన్నే నిమిషాలు. రాత్రి క్యాలెండర్ గడిలో అంకె. వాసన బట్టి ఏది ఏదో తెలిసిపోతుంది కాబట్టి ఇది మచ్చలేని పరీక్ష కాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ముక్కు మూసుకుని రాసుకుంటే ఎలా ఉంటుందని అడిగింది కూడా.

ఎనిమిది వారాలయ్యాయి. మొన్న ఫోన్‌లో "ఇప్పటిదాకా ఉన్నవి కలిపి చూద్దామా?" అన్నాను, ఆగలేక. "అలా మధ్యలో చూస్తే ఏదో ఒకటి తగ్గినట్టు కనిపిస్తుంది, ఇక దాని మీదే మనసు పోతుంది. పన్నెండూ అయ్యాకే" అంది. ఈ ఆదివారం తొమ్మిదో చీటీ.